మొహమాటం ముందు నిలబడే మాట

1923 డిసెంబరు. కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరుగుతున్నాయి. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. దేశం నలుమూలల నుంచీ నాయకులు వచ్చి దిగారు. సభలతో పాటు ఖద్దరు ప్రదర్శన కూడా పెట్టారు. దాని గేటు దగ్గర పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె వలంటీరుగా నిలబడి ఉంది. ఆమెకు అప్పగించిన పని ఒక్కటే. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపకూడదు.

కాసేపటికి ఒకాయన వచ్చారు. చేతిలో టికెట్ లేదు. అమ్మాయి ఆపింది. ఆ వచ్చినాయన జవాహర్‌లాల్ నెహ్రూ. నిర్వాహకులు చూసి ఆ పిల్ల మీద కోప్పడ్డారు. మీరు చెప్పిన పనే చేస్తున్నానని ఆమె జవాబిచ్చింది. చివరికి వాళ్లే టికెట్ కొన్నారు. అప్పుడు గానీ ఆమె దారి ఇవ్వలేదు. పని పట్ల ఆమెకున్న శ్రద్ధను నెహ్రూ మెచ్చుకున్నారు.

ఆ అమ్మాయి దుర్గాబాయి. పెద్దయ్యాక ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది. జైల్లో చట్టం గురించి ఏమీ తెలియక శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లను చూసి, తను లా చదవాలని నిర్ణయించుకుంది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభను నిలబెట్టింది. రాజ్యాంగ సభలో సభ్యురాలైంది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు మొదలైనప్పుడు దాని తొలి అధ్యక్షురాలు ఆవిడే. అంత పెద్ద జీవితంలో గేటు దగ్గర గడిచిన ఆ కాసేపు చాలా చిన్న సంగతి. అయినా ఈ అధ్యాయాన్ని అక్కడే మొదలుపెట్టాను. విలువలు అనగానే మనకు గుర్తొచ్చేవి పెద్ద త్యాగాలు. మన విలువలకు రోజూ పరీక్ష జరిగేది మాత్రం ఇలాంటి గేట్ల దగ్గరే.

మొహమాటం అనే మన ఇంటి చుట్టం

మంచివాళ్లు మాట తప్పేది ఎప్పుడో ఒకసారి ఆలోచించండి. దురాశ వల్ల తప్పేవాళ్లు ఉంటారు, భయం వల్ల తప్పేవాళ్లు ఉంటారు. నాకు తెలిసిన మంచివాళ్లలో ఎక్కువమంది మొహమాటం వల్ల తప్పారు. "మనవాడే కదా", "పెద్దాయన అడిగాడు, కాదంటే ఏం బాగుంటుంది", "ఇన్నాళ్ల స్నేహం, ఒక్క సంతకానికి చెడగొట్టుకుంటామా". లంచం ఇవ్వబోయినవాణ్ని గుమ్మంలోంచే పంపించిన మనిషి, మేనమామ అడిగితే అదే పని ఊరికే చేసిపెడతాడు. మొహమాటానికి మన దగ్గర మర్యాద అన్న మంచి పేరు ఉంది. కాబట్టి అది లోపలికి వస్తుంటే ఎవరూ ఆపరు.

అందుకే విలువకు నేను ఇచ్చుకునే అర్థం ఇది. మనకు ఇష్టమైనవాళ్ల ఎదుట, మనం గౌరవించేవాళ్ల ఎదుట కూడా నిలబడే మాటే విలువ. శత్రువు దగ్గర నిజాయతీగా ఉండటం తేలిక, అక్కడ మనకు పోయేది ఏమీ లేదు. స్నేహితుడి దగ్గర, బావమరిది దగ్గర, పై అధికారి దగ్గర నిలబడినప్పుడే దానికి బరువు వస్తుంది.

నాయకత్వం మొదలయ్యేదీ అక్కడే. నలుగురూ మన వెంట నడవాలంటే మన మాట ఎప్పుడు ఎలా ఉంటుందో వాళ్లకు ముందే తెలియాలి. మనిషిని బట్టి మాట మార్చేవాడి దగ్గర పనిచేసేవాళ్లు పని నేర్చుకోరు, ఆయనకు దగ్గరవడం ఎలాగో నేర్చుకుంటారు. ఒక ఆఫీసు పాడయ్యే తీరు ఇదే, ఒక ఇల్లు పాడయ్యే తీరు కూడా ఇదే.

మరి అలా నిలబడటం ఎలా? నేను నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

ఒకటి: గేటు దగ్గరికి మనిషి రాకముందే నిర్ణయించుకోండి

నెహ్రూని చూశాక దుర్గాబాయి ఆలోచించడం మొదలుపెట్టి ఉంటే ఆమె కూడా తడబడేది. పద్నాలుగేళ్ల పిల్లకు అంత పెద్దమనిషి ఎదుట నిలబడి తర్కించుకునే తీరిక ఎక్కడిది? నియమం ఆయన రాకముందే ఉంది. ఆమె చేసిందల్లా దాన్ని అమలు చేయడం.

విలువకూ నియమానికీ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. "నాకు నిజాయతీ ముఖ్యం" అన్నది విలువ. వినడానికి బాగుంటుంది, కానీ సోమవారం ఉదయం పది గంటలకు ఏం చేయాలో చెప్పదు. "బిల్లు లేని ఖర్చు నా ఖాతాలో రాయను" అన్నది నియమం. విలువ మనసులో ఉంటుంది. దాన్ని చేతల్లోకి తెచ్చేది నియమం. విలువలు మాత్రమే ఉండి నియమాలు లేనివాళ్లు ప్రతి సందర్భంలోనూ మొదటి నుంచి యుద్ధం చేయాలి. ఆ యుద్ధంలో ఎదుటివాడి మొహం, ఆ రోజు మన అలసట, మన అవసరం అన్నీ కలిసి మనల్ని ఓడిస్తాయి.

మంచి నియమానికి మూడు లక్షణాలుంటాయి. అది చేసే పని గురించో చేయని పని గురించో చెప్పాలి, మనసులో ఉండాల్సిన భావం గురించి కాదు. ఎవరి పేరూ లేకుండా అందరికీ వర్తించాలి. మొదట మనల్నే కట్టేయాలి. "మా టీములో అందరూ సమయానికి రావాలి" అన్నది ఇంకా నియమం కాలేదు. "నేను పిలిచిన మీటింగుకు నేను ఐదు నిమిషాలు ముందుంటాను" అన్నది నియమం. మొదటిది బోర్డు మీద ఉంటుంది. రెండోదాన్ని నెల రోజులు పాటించి చూడండి, బోర్డు అవసరం ఉండదు.

ఇలాంటివి ఒకేసారి పది రాసుకోవద్దు. మూడు చాలు. పది రాసుకున్నవాడికి ఏవి మిగిలాయో నెల తిరిగేసరికి గుర్తుండదు.

రెండు: కాదన్న చోటే దారి చూపించండి

కాకినాడ గేటు దగ్గర జరిగినదాన్ని మరొకసారి చూడండి. ఆ అమ్మాయి నెహ్రూని వెనక్కి పంపేయాలనుకోలేదు. టికెట్ ఉంటే ఎవరైనా వెళ్లవచ్చు. నియమం తలుపును మూయలేదు, లోపలికి వెళ్లే సరైన పద్ధతిని చూపించింది. అందుకే ఆ రోజు ఎవరి మర్యాదా పోలేదు. నెహ్రూ లోపలికి వెళ్లారు, నియమమూ నిలబడింది.

కాదనడం రానివాళ్లలో చాలామందికి ఈ రెండో సగం తెలియదు. కాదంటే బంధం తెగిపోతుందనుకుని ఔనంటారు, లేదా కాదనాలి గనక కటువుగా కాదంటారు. ఒక ఉదాహరణ చూద్దాం. మన కుటుంబాల్లో తరచూ వచ్చేదే.

బావమరిది వచ్చాడు. చిట్‌ఫండ్‌లో చీటీ పాడుకున్నాడు, డబ్బు చేతికి రావాలంటే జామీను సంతకం కావాలి.

"బావా, ఒక్క సంతకమే కదా. నెలనెలా నేనే కట్టుకుంటాను. నీ దాకా రానిస్తానా?"

ఆ మాట చెప్పేటప్పుడు అతను అబద్ధం ఆడటం లేదు. కట్టాలనే అనుకుంటున్నాడు. వ్యాపారం దెబ్బతింటే ఏం చేస్తాడో అతనికీ తెలియదు. ఈ క్షణంలో నియమం లేని మనిషి మొహమాటానికి పెన్ను తీస్తాడు. నియమం ఉన్న మనిషి ఇలా అనవచ్చు:

"ఒరేయ్, జామీను సంతకం నేను ఎవరికీ పెట్టను. మా తమ్ముడికీ పెట్టలేదు. మీ అక్కా నేనూ పెళ్లైన కొత్తలోనే అనుకున్న మాట అది. నీ మీద నమ్మకం లేక కాదు. నా దగ్గర ఇప్పుడు ముప్పై వేలున్నాయి, తీసుకెళ్లు. నీకు వీలైనప్పుడు ఇవ్వు. మిగతాదానికి బ్యాంకులో బంగారం మీద లోను ఎంత వస్తుందో రేపు ఇద్దరం వెళ్లి కనుక్కుందాం."

ఇందులో నాలుగు సంగతులున్నాయి. నియమం అందరికీ ఒకటేనని చెప్పాడు, కాబట్టి బావమరిదికి అవమానం లేదు. అది పాత నిర్ణయమని చెప్పాడు, కాబట్టి బేరానికి చోటు లేదు. తను భరించగలిగినంత ఇచ్చాడు. మిగతాదానికి అతని వెంట నడుస్తానన్నాడు. కాదన్న మాట ఒక్కటే, దాని చుట్టూ ఉన్నదంతా ఆత్మీయతే. బావమరిది ఆ పూట మొహం ముడుచుకుని వెళ్లవచ్చు. కానీ సంతకం పెట్టి, ఆరో నెలలో నోటీసు అందుకుని, రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోవడంతో పోలిస్తే ఆ ముడుచుకున్న మొహం ఎంత?

కాబట్టి మీరు రాసుకునే ప్రతి నియమం పక్కనా ఇంకొక్క వాక్యం రాయండి: "దీనికి బదులు నేను చేయగలిగింది ఏమిటి?" ఆ రెండో వాక్యం ఉంటేనే మొదటి వాక్యం నిలుస్తుంది.

మూడు: నింద వచ్చినప్పుడు ముందుకు, పొగడ్త వచ్చినప్పుడు వెనక్కి

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న బృందానికి నన్ను పెద్దను చేశారు. ఒకసారి మేము పంపిన నివేదికలో అంకె తప్పు పోయింది. మీటింగులో అడిగారు. ఆ కాగితం తయారుచేసిన కుర్రవాడి పేరు చెప్పాను. నేను చెప్పింది నిజమే, తప్పు అతనిదే. ఆ రోజు నాకు తప్పు చేసినట్టు కూడా అనిపించలేదు.

మూడు నెలల తర్వాత అంతకంటే పెద్ద పొరపాటు ఒకటి ఖాతాదారుడే పట్టుకున్నాడు. విచారిస్తే ఆ కుర్రవాడికి అది రెండు వారాల ముందే తెలుసని తేలింది. "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను. తల దించుకుని, "చెబితే మళ్లీ నా పేరే వస్తుందని, సార్" అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు నా ఉద్యోగం ఏమిటో అర్థమైంది. మొదటిసారి అతని పేరు చెప్పినప్పుడే, రెండోసారి నాకు రావలసిన కబురు రాకుండా దారి మూసేశాను.

ఇదే పరీక్ష ఎంతో పెద్ద స్థాయిలో శ్రీహరికోటలో ఒకరికి ఎదురైంది. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్‌ను మొదటిసారి ప్రయోగించారు. మొదటి దశ బాగానే పనిచేసింది. రెండో దశలో నియంత్రణ వ్యవస్థ విఫలమైంది. అయిదు నిమిషాలు దాటగానే రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ఏళ్ల తరబడి జరిగిన శ్రమ సముద్రంలో పడిన ఆ రోజు పత్రికలవాళ్ల ముందుకు వెళ్లింది మాత్రం ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్. వైఫల్యాన్ని తన మీద వేసుకున్నారు, తన బృందం మీద నమ్మకం ఉందని చెప్పారు. 1980 జులై 18న అదే రకం రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. సొంతంగా ఉపగ్రహాన్ని ప్రయోగించగల కొద్ది దేశాల సరసన భారత్ నిలిచింది. ఆ రోజు ధావన్ పత్రికల ముందుకు కలాంను పంపారు. కలాం రాష్ట్రపతి అయ్యాక కూడా ఎన్నో సభల్లో పిల్లలకు ఈ సంగతి చెబుతూ వచ్చారు.

చాలామంది దీన్ని గొప్ప మనసుకు ఉదాహరణగా చెబుతారు. నిజమే. నాకు ఇందులో మంచి పని విధానం కూడా కనిపిస్తుంది. రాకెట్ పడిపోయాక బృందం ముందున్న పని, ఎక్కడ ఏ భాగం ఎందుకు పాడైందో ఏ దాపరికమూ లేకుండా వెతకడం. తల తీసేస్తారన్న భయం ఉన్నచోట ఎవరూ "ఇది నా దగ్గర జరిగింది" అని నోరు విప్పరు. ఛైర్మన్ నింద తన నెత్తిన వేసుకున్నాక కింద ఉన్నవాళ్లకు తమను కాపాడుకునే పని తప్పింది, తప్పును వెతికే పని మిగిలింది. ఏడాది తిరగకుండా రాకెట్ మళ్లీ నిలబడిందంటే ఆ వాతావరణం పాత్ర కూడా అందులో ఉందని నమ్ముతాను.

మీరు ఇస్రో నడపకపోవచ్చు. ఇద్దరు పిల్లలున్న ఇల్లు నడుపుతుండవచ్చు, నలుగురు పనివాళ్లున్న టిఫిన్ సెంటర్ నడుపుతుండవచ్చు. నియమం అదే. బయటివాళ్ల ముందు "తప్పు మా వల్ల జరిగింది" అనండి. తప్పు చేసినవాళ్లతో మాట్లాడవలసింది తలుపు వేసుకుని మాట్లాడండి. ఆ మాటల్లో మెత్తదనం అవసరమే, మినహాయింపు అక్కర్లేదు. పొగడ్త వచ్చినప్పుడు మాత్రం తలుపు తెరిచి, పనిచేసినవాళ్ల పేరు పెట్టి చెప్పండి. కూతురి రిపోర్టు కార్డు చూసి చుట్టాల ముందు మందలించే తండ్రికి, వచ్చే పరీక్షలో రిపోర్టు కార్డు ఆలస్యంగా కనబడుతుంది. కారణం మనకు ఇప్పుడు తెలుసు.

నాలుగు: మీ గట్టితనం ఎవరి దగ్గర?

ఇక్కడ ఒక హెచ్చరిక. నియమం ఉన్న ప్రతివాడూ విలువలున్న మనిషి కాడు. మొండితనానికి కూడా నియమం వేషం వేయడం తెలుసు.

మన అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. పార్సిల్ తెచ్చిన కుర్రవాణ్ని ఆపి రిజిస్టరులో సంతకం పెట్టిస్తారు. కారులో వచ్చినాయనకు గేటు బార్లా తెరిచి సెల్యూట్ కొడతారు. పనిమనిషి లిఫ్ట్ వాడకూడదని కొన్నిచోట్ల బోర్డు కూడా ఉంటుంది. అక్కడ నియమం లేకపోలేదు. కిందివాడి దగ్గర గట్టిగా, పైవాడి దగ్గర మెత్తగా ఉంది. కాకినాడలో ఆ అమ్మాయి చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఆమె నియమం దేశంలో పెద్ద నాయకుడి దగ్గర గట్టిగా నిలబడింది. మీ నియమం విలువలోంచి పుట్టిందో అహంకారంలోంచి పుట్టిందో తెలుసుకోవాలంటే, అది ఎవరి దగ్గర బిగుస్తోందో, ఎవరి దగ్గర సడలుతోందో చూడండి.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి ఎస్.ఆర్. శంకరన్. తమిళనాడులో పుట్టి, ఐఏఎస్ అధికారిగా ఆంధ్రప్రదేశ్‌కు వచ్చారు. నెల్లూరు కలెక్టరుగా, తర్వాత సాంఘిక సంక్షేమ శాఖ అధికారిగా పనిచేశారు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చాక, దాన్ని కాగితం మీద ఉంచకుండా ఊళ్లలోకి తీసుకువెళ్లి మనుషులను విడిపించడానికి పూనుకున్నారు. భూమి మీద పేదలకున్న హక్కు, గిరిజనుల హక్కు, హాస్టళ్లలో చదివే పిల్లల అవసరాలు ఆయన జీవితకాలపు పని. ఆయన చేతిలో ఉన్నది కూడా నియమాల పుస్తకమే. అదే పుస్తకం పట్టుకుని ఎంతోమంది పేదవాడికి కారణాలు చెప్పి వెనక్కి పంపుతారు. శంకరన్ అందులో పేదవాడికి ఉపయోగపడే వాక్యం ఎక్కడుందో వెతికారు. ప్రజల ఐఏఎస్ అన్న పేరు అలా వచ్చింది.

ఆయన జీవితంలో మరొక సంగతి నన్ను ఇంకా లోతుగా కదిలిస్తుంది. 1987లో తూర్పు గోదావరి అడవుల్లో నక్సలైట్లు మరికొందరు అధికారులతో పాటు ఆయన్ని కూడా బందీగా పట్టుకున్నారు. తర్వాత విడుదలయ్యారు. పదేళ్ల తర్వాత, పదవీ విరమణ చేసి హైదరాబాదులో ఉంటున్న అదే మనిషి, ప్రభుత్వమూ నక్సలైట్లూ ఇరుపక్షాలూ హింస ఆపి మాట్లాడుకోవాలని కోరే పౌరుల కమిటీకి నాయకత్వం వహించారు. తనకు జరిగినది ఆయన విలువను మార్చలేదు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే తీసుకోలేదు. పెళ్లి చేసుకోలేదు, పింఛను డబ్బుతో పేద పిల్లలను చదివించారు. 2010లో ఆయన పోయినప్పుడు ఏడ్చినవాళ్లలో ఆయనతో ఏ చుట్టరికమూ లేనివాళ్లు ఎందరో.

అందరమూ శంకరన్ కాలేము, కావలసిన పనీ లేదు. కానీ ఒక్క అలవాటు ఆయన దగ్గర తీసుకోవచ్చు. మీ బల్ల అవతల నిలబడిన మనిషికి మీ కంటే తక్కువ శక్తి ఉన్నప్పుడు, "కుదరదు" అనే ముందు "కుదిరే దారి ఏదైనా ఉందా?" అని ఒక నిమిషం వెతకండి. మీ కంటే ఎక్కువ శక్తి ఉన్న మనిషి వచ్చినప్పుడు ఆ నిమిషం అక్కర్లేదు. ఆయనకు దారులు చాలానే ఉంటాయి.

మరిచిపోకూడని లెక్క: ఖర్చు ఎవరి మీద పడుతోంది?

విలువల గురించి రాసే పుస్తకాలు సాధారణంగా చెప్పని విషయం ఒకటుంది. మన విలువకు మూల్యం మనమొక్కరమే చెల్లించం.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఊరంతా మండిపడింది, వెలివేతలు వచ్చాయి. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆ ఇంట్లో వంటపని భుజాన వేసుకున్నదీ, గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చిందీ ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. పెళ్లిళ్లు చేసుకోవడానికి వచ్చిన ఆడపిల్లలకు తల్లి అయిందీ ఆవిడే. చరిత్రలో ఆ ఉద్యమానికి పేరు వీరేశలింగానిది. ఆ బిందెల బరువు రాజ్యలక్ష్మమ్మది. ఆవిడ ఇష్టపడి మోశారు, ఆ ఆశయం తనది కూడా అనుకుని మోశారు. అందుకే అది నిలబడింది.

మీ నియమం మూల్యం కూడా మీ ఇంట్లో ఎవరో ఒకరు కడుతుంటారు. "ఎవరొచ్చినా మా ఇంట్లో భోజనం చేయకుండా వెళ్లకూడదు" అని గర్వంగా చెప్పే మగవాళ్లు, రాత్రి పదింటికి మళ్లీ స్టవ్ వెలిగించేది ఎవరో ఆలోచించాలి. "నేను ఆఫీసులో ఎంత పొద్దుపోయినా పని వదలను" అన్నవాడి మాటకు మూల్యం, నాన్న కోసం చూసి చూసి నిద్రపోయే పిల్లవాడు కడుతున్నాడు. నియమం తప్పని నేను అనడం లేదు. ఆ మూల్యం కట్టేవాళ్లను ముందు అడగమంటున్నాను. వాళ్లు కూడా మనసారా ఒప్పుకుంటే అది ఇంటి విలువ అవుతుంది. ఒప్పుకోకపోతే అది మీరు ఇంకొకరి డబ్బుతో చేస్తున్న దానం.

తప్పినప్పుడు

మీరు రాసుకున్న నియమాన్ని ఎప్పుడో ఒకసారి మీరే తప్పుతారు. నేను తప్పాను. అప్పుడు మనసు రెండు మాటలు చెబుతుంది. మొదటిది: "ఈసారి పరిస్థితి వేరు, ఇది లెక్కలోకి రాదు." రెండోది: "ఎలాగూ తప్పాను, ఇంకెందుకు ఇదంతా." రెండూ ఒకే చోటికి తీసుకెళతాయి.

వాటి బదులు మూడు పనులు చేయండి. ఎవరి దగ్గర తప్పారో వాళ్లకు మీరే చెప్పండి, వాళ్లు కనిపెట్టేదాకా ఆగొద్దు. చెప్పేటప్పుడు కారణాలు జోడించవద్దు. "నేను మాట ఇచ్చి తప్పాను, ఇలా సరిచేస్తాను" చాలు. ఆ తర్వాత నియమాన్ని తీసి చూడండి. అది మోయలేనంత పెద్దదైతే చిన్నది చేయండి, కొట్టేయవద్దు. రోజూ గంట చదువుతానని రాసుకుని తప్పినవాడు రోజూ పది నిమిషాలని మార్చుకుంటే నష్టం లేదు. నేను పేరు చెప్పిన ఆ కుర్రవాడికి క్షమాపణ చెప్పడానికి నాకు చాలా రోజులు పట్టింది. చెప్పిన నెలకు, నేను అడగకుండానే అతను ఒక పొరపాటును నా దగ్గరికి తీసుకొచ్చాడు. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన గౌరవాల్లో అది మొదటిదిగా లెక్కేసుకుంటాను.

ఈ వారం సాధన

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఫోనులో వద్దు, చేత్తో రాయండి.

మొదటి రోజు: గడిచిన ఏడాదిలో మొహమాటానికి ఔనని చెప్పి, ఆ తర్వాత రాత్రి నిద్రపట్టక దొర్లిన మూడు సందర్భాలు రాయండి. ఎవరు అడిగారు, ఏం అడిగారు, మీరు ఏమన్నారు. మీ విలువలు ఏమిటో ఆ నిద్రపట్టని రాత్రులకు తెలుసు. దేన్ని అమ్ముకున్నప్పుడు మనసు గింజుకుందో అదే మీకు విలువైనది.

రెండో రోజు: ఒక్కో సందర్భానికీ ఒక నియమం రాయండి. "నేను" అని మొదలవ్వాలి, "ఎవరైనా సరే" అన్న మాట అందులో ఉండాలి.

మూడో రోజు: ఒక్కో నియమం పక్కన "బదులుగా నేను చేయగలిగింది" అని రాయండి.

నాలుగో రోజు: ఆ నియమం ఖర్చు ఎవరి మీద పడుతుందో వాళ్ల పేరు రాసి, వాళ్లతో కూర్చుని మాట్లాడండి. వాళ్లు మార్చమంటే మార్చండి.

ఐదో రోజు: మీకు పై స్థాయిలో ఉన్న ఒకరినీ, కింది స్థాయిలో ఉన్న ఒకరినీ ఊహించుకుని, ఆ నియమాన్ని ఇద్దరి ఎదుటా చెప్పి చూడండి. గొంతు ఎవరి దగ్గర పెరిగింది, ఎవరి దగ్గర తగ్గింది?

ఆరో రోజు: ఆ నియమాన్ని మీ మేలు కోరే ఇద్దరికి చెప్పండి. "నేను తప్పితే గుర్తుచేయండి" అని అడగండి.

ఏడో రోజు ఏమీ రాయవద్దు. ఆ వారంలో మీ వల్ల ఎవరి పని తేలికైందో గుర్తుచేసుకోండి.

ఆ తర్వాత ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ పేజీ ఒకసారి తిరగేయండి.

కాకినాడ ప్రదర్శన ఎన్నాళ్లుందో, అక్కడ ఎంత ఖద్దరు అమ్ముడుపోయిందో ఈరోజు ఎవరికీ పట్టదు. గేటు దగ్గర జరిగిన సంగతి మాత్రం వందేళ్లు దాటినా చెప్పుకుంటున్నాం. ఆ పూట టికెట్ కొని వరుసలో నిలబడిన మామూలు జనం గురించి ఆలోచించండి. తాము డబ్బు పెట్టి కొన్న కాగితం ముక్కకు విలువ ఉందని వాళ్లకు ఆ క్షణంలో తెలిసింది. మీరు మొహమాటాన్ని దాటి నిలబడిన ప్రతిసారీ, మీకు తెలియకుండానే, వరుసలో వెనక ఉన్నవాళ్లు చూస్తుంటారు. మీ టీములో కొత్తగా చేరిన అమ్మాయి చూస్తుంది. బావమరిది మాట్లాడి వెళ్లాక, వంటింటి గుమ్మంలో నిలబడి మీ కొడుకు చూస్తాడు. రేపు వాళ్లకూ ఒక గేటు అప్పగిస్తారు.

ఈ రాత్రి పడుకోబోయే ముందు ఆ నోటుబుక్కులో మొదటి సందర్భం రాయండి.